పొలం మధ్యలో నలుపలకల కందకం: అది కోటా, ఇల్లా?

ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. మీరు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో, స్టోమార్కెట్‌కి దగ్గర్లో ఉంటున్నారు. నడకదారి పక్కన గొర్రెలు మేసే బీడులో నాలుగు పలకలుగా పెద్ద గుంట ఉంది. మధ్యలో చదునైన నేల, గుంటలో ఒక మూల మాత్రం నీళ్ళు. ఆర్డినెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులో అక్కడ గోతిక్ అక్షరాల్లో ‘మోట్’, అంటే కందకం, అని రాసి ఉంది. అక్కడ కోట ఉండేదా, ఎవరు తవ్వారు, ఇప్పుడు చూడ్డానికి ఏం మిగిలి ఉంటుంది, మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్ళొచ్చా అని అడిగారు.

సూటిగా జవాబు: కోట కాదు, ఇల్లు. మీరు చెప్పిన ఆకారం, ఆ ప్రాంతం చూస్తే, 1250–1350 మధ్యలో ఒక చిన్న భూస్వామో మోతుబరి రైతో తన ఇంటి చుట్టూ తవ్వించుకున్న కందకం అయ్యే అవకాశమే ఎక్కువ. ఇల్లు పోయింది, గుంట మిగిలింది. మెటల్ డిటెక్టర్ మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాను.

నేను ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో పురావస్తు సర్వే పని చేస్తాను. ఇళ్ళ స్థలాలు వేసే ముందు, రోడ్డు వెడల్పు చేసే ముందు నేల చూసి రిపోర్టు రాయడం ఉద్యోగం. ఈ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్ళకి ఇంటి కందకాలు తగలకుండా ఏడాది గడవదు.

మనవాళ్ళకి కందకం అనగానే కోటే మనసులోకి వస్తుంది. ఓరుగల్లులో రాతికోట చుట్టూ ఒకటి, మట్టికోట చుట్టూ ఇంకొకటి చూసినవాళ్ళం మరి. తమాషా ఏమిటంటే రుద్రమదేవి ఓరుగల్లు ఏలుతున్న కాలంలోనే ఇక్కడ ఈ ఇంటి కందకాలు జోరుగా తవ్వుతున్నారు. కాలం ఒకటే గానీ పని వేరు. ఓరుగల్లులో కందకం వెనక బురుజులు, సైన్యం ఉండేవి. ఇక్కడ కందకం వెనక హాలు, వంటిల్లు, గాదె, పశువుల కొట్టం ఉండేవి.

ఇంగ్లండ్ మొత్తం మీద ఇలాంటివి సుమారు 6,000 గుర్తించారు. ఎక్కువ భాగం మధ్య, తూర్పు జిల్లాల్లోనే. ఒక్క సఫోక్, ఎసెక్స్ జిల్లాల్లోనే వందల కొద్దీ ఉన్నాయి. కొన్ని చోట్ల ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధిలో, మూడు నాలుగు కనిపిస్తాయి. అన్ని కోటలు ఎవరికి కావాలి చెప్పండి? ఈ సంఖ్య చూస్తేనే యుద్ధం మాట పక్కన పెట్టాల్సి వస్తుంది.

రక్షణకి పనికొచ్చేదా? కొంతవరకే. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు మధ్య నేల మీద నిలబడి చుట్టూ చూడండి. చాలా చోట్ల పక్క పొలం ఆ నేల కన్నా ఎత్తుగా ఉంటుంది, దారి పక్కనే వెళ్తుంది. లోపల రాతిగోడ ఉన్న గుర్తు ఉండదు, బురుజు పునాది ఉండదు. పదిమంది ఆయుధాలతో వస్తే ఒక పూట ఆగరు. కానీ రాత్రిపూట గొర్రెల దొంగ ఆగుతాడు, తోడేలు కాకపోయినా నక్క ఆగుతుంది, పక్కింటికి అంటుకున్న మంట కూడా ఆగుతుంది. 13వ శతాబ్దంలో పల్లెల్లో దొంగతనాలకి కొదవ లేదు కాబట్టి ఆ మాత్రం ధీమా అక్కర్లేదని నేను అనను. చేపలు పెంచుకోవచ్చు, పశువులకి నీళ్ళు దొరుకుతాయి, ఇంటి నేలలో చెమ్మ గుంటలోకి దిగి ఇల్లు పొడిగా ఉంటుంది. ఇవన్నీ నిజమే.

కానీ వీటిలో ఏ ఒక్కదానికీ అంత గుంట అక్కర్లేదు. ఒకసారి లెక్క వేసి చూడండి. మధ్య నేల 50 మీటర్ల చదరం, చుట్టూ గుంట 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనుకుందాం. ఒడ్లు ఏటవాలు కాబట్టి అడుగున వెడల్పు 6 మీటర్లు. తీయాల్సిన మట్టి 3,800 ఘనపు మీటర్లు. తడి బంకమట్టిని పారతో కోసి, మోసి, ఒడ్డు పైకి చేర్చాలంటే మనిషికి రోజుకు 3 ఘనపు మీటర్లు గొప్ప అని నా అంచనా. ఇరవైమంది కూలీలు రెండు నెలల పైచిలుకు అదే పని మీద ఉండాలి. చేపల కోసమైతే పక్కన చిన్న చెరువు చాలు. పశువుల కోసమైతే ముళ్ళకంచె చాలు.

మరి ఎందుకు? నలుగురూ చూడ్డానికి. పెద్ద దొరల కోటలకి కందకాలు ఉండేవి. తన ఇంటికీ ఒకటి ఉంటే తనూ ఆ వరసలో మనిషినేనని ఊరికి తెలుస్తుంది. గోడల మీద కోటకొమ్మలు పెట్టుకోవాలంటే రాజు దగ్గర లైసెన్సు తెచ్చుకోవడం రివాజు. కందకం ఒక్కటీ తవ్వుకోవడానికి ఆ తతంగం లేదు. కాబట్టి రాజు గుమ్మం తొక్కలేని చిన్న భూస్వామికి, స్వతంత్ర రైతుకి అందుబాటులో ఉన్న హోదా ఇదే.

డబ్బున్నవాడు రెండూ చేసేవాడు. ష్రాప్‌షైర్‌లోని స్టోక్‌సే అందుకు మంచి ఉదాహరణ. లడ్లో ఊరి ఉన్ని వ్యాపారి లారెన్స్ 1291లో లైసెన్సు తెచ్చుకుని కట్టుకున్న ఇల్లది. కందకం ఉంది, బురుజు ఉంది, దూరం నుంచి అచ్చం కోటే. దగ్గరికెళ్తే హాలుకి నిలువెత్తు కిటికీలు! వెలుతురు బాగా వస్తుంది గానీ ముట్టడి జరిగితే ఆ ఇంటివాళ్ళ సంగతి దేవుడికెరుక. 1294లో ఉన్ని ఓడ మునిగి ఆయన పోయాడు, ఇల్లు మాత్రం ఇప్పటికీ ఉంది, టికెట్టు కొని చూడొచ్చు.

ఒక హెచ్చరిక. ‘హోదా కోసమే’ అన్న మాటని అన్ని చోట్లా అతికించకండి. ఐర్లండ్‌లో ఆంగ్లో-నార్మన్లు (ఇంగ్లండ్‌ని ఏలుతున్న నార్మన్ దొరలు, వాళ్ళ జనం) వెళ్ళి స్థిరపడ్డ వెక్స్‌ఫర్డ్, కిల్కెన్నీ, టిప్పరరీ ప్రాంతాల్లోనూ ఇవి బాగా ఉన్నాయి. అక్కడ సరిహద్దు గొడవలు నిజంగానే ఉండేవి కాబట్టి రక్షణ పాలు ఎక్కువని చెప్పడానికి ఆస్కారం ఉంది. సఫోక్ పరిస్థితి అది కాదు.

ఇక్కడే ఇన్ని ఎందుకు? మట్టి వల్ల కొంత, మనుషుల వల్ల కొంత. మీ ప్రాంతం మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన బరువైన బంకమట్టి. గుంట తీస్తే చాలు, వాననీళ్ళు ఇంకకుండా నిలుస్తాయి. ఇసుక నేలలో ఇదే పని చేస్తే నీళ్ళు నిలవవు. అందుకే సఫోక్‌లోనే సముద్రం వైపు ఇసుక నేలల్లో కందకాలు బాగా పలచబడిపోతాయి.

మనుషుల సంగతికొస్తే, 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ జనాభా బాగా పెరిగింది, ధాన్యం ధర పెరిగింది, భూమికి గిరాకీ పెరిగింది. అంతకుముందు ఎవరూ పట్టించుకోని బరువు నేలల్లో అడవి కొట్టి కొత్త పొలాలు వేశారు. ఊరికి దూరంగా, ఆ కొత్త పొలాల మధ్యలోనే ఇళ్ళు కట్టుకున్నారు. వార్విక్‌షైర్‌లోని ఆర్డెన్ అడవి ప్రాంతంలోనూ ఇదే వరస. సఫోక్‌లో దీనికి తోడు దొర చెప్పుచేతల్లో లేని స్వతంత్ర రైతులు మిగతా జిల్లాల కన్నా ఎక్కువ. చేతిలో నాలుగు డబ్బులు, చుట్టూ అప్పుడే సాగులోకి వచ్చిన భూమి, పక్కవాడు కందకం తవ్వించాడన్న కడుపుమంట. ఇంకేం కావాలి? తర్వాత 1315–17 కరువు, 1348–49 ప్లేగు వరసగా దెబ్బ కొట్టాయి. కూలీలు దొరకడం కష్టమైంది, కూలి పెరిగింది, కొత్త కందకాలు తవ్వడం బాగా తగ్గిపోయింది. పూర్తిగా ఆగలేదు. నార్ఫక్‌లోని ఆక్స్‌బర్గ్ హాల్‌ లాంటివి 15వ శతాబ్దం చివర్లో కూడా కందకంతోనే లేచాయి, కానీ అవి పెద్దింటివాళ్ళ సంగతి.

ఇంకోటి, కందకం వయసే ఇంటి వయసు అనుకోవద్దు. లండన్ శివార్లలోని నార్తోల్ట్‌లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ 1950ల్లో మొదలుపెట్టిన తవ్వకాల్లో, కందకం మట్టి కిందే అంతకన్నా పాత ఇళ్ళ ఆనవాళ్ళు బయటపడ్డాయి. ముందు నుంచీ ఉన్న ఇంటి చుట్టూ తర్వాత కందకం తవ్వారన్నమాట. ఇలాంటివి చాలానే.

ఇప్పుడు నేల మీద ఏం చూడాలి? నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

వెళ్ళడానికి మంచి కాలం జనవరి, ఫిబ్రవరి. గడ్డి పొట్టిగా ఉంటుంది, సూర్యుడు కిందుగా ఉంటాడు, అరడుగు ఎత్తు తేడాకి కూడా నీడ పడుతుంది. పలచగా మంచు పడిన ఉదయం అయితే మరీ మంచిది. జూన్‌లో వెళ్తే నెటిల్ అనే దురద మొక్కలు నడుమెత్తు లేచి ఏమీ కనిపించనివ్వవు. అలాగని అవి పనికిరానివి కావు. తరాల తరబడి మనుషులు, పశువులు ఉన్న చోట మట్టిలో ఫాస్ఫేటు పేరుకుంటుంది, నెటిల్‌కి అదంటే ప్రాణం. మధ్య నేలలో ఒక మూల మాత్రమే గుబురుగా ఉంటే అక్కడ వంటిల్లో కొట్టమో పెంటకుప్పో ఉండి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, గమనించండి. నిన్నగాక మొన్న రైతు గొర్రెలకి మేత పెట్టిన చోటా అలాగే మొలుస్తుంది.

ముందు గుంట నాలుగు వైపులా ఉందో లేదో చూడండి. మూడే వైపులు కనిపిస్తే నాలుగోది పూడ్చారా, అసలు తవ్వనే లేదా అన్నది ప్రశ్న. పూడ్చిన చోట నేల మీ కాలికి తెలిసేంత కుంగి ఉంటుంది, గడ్డి ముదురు పచ్చగా ఉంటుంది, తుంగ మొలుస్తుంది. ఆ కుంగు రెండు చివర్లా గుంటతో సరిగ్గా కలిస్తే పూడ్చిందే. 1950ల తర్వాత బుల్‌డోజర్లు చౌకయ్యాక, గోధుమ సాగు పెంచడం కోసం చాలా కందకాలు ఇలా చదునైపోయాయి.

తర్వాత లోపలికి వెళ్ళే మట్టికట్ట. చాలామంది దాన్నే పాత దారి అనుకుంటారు. నేను మాత్రం మొదట అనుమానిస్తాను. పాతరోజుల్లో చాలా ఇళ్ళకి కర్ర వంతెన ఉండేది, అది పుచ్చిపోయాక బండి పోవడానికి గుంట పూడ్చి కట్ట వేశారు. కట్ట పక్కల ఇటుక ముక్కలు, పెంకులు బయటికి కనిపిస్తుంటే అది తర్వాతి కాలపు పని. అప్పుడు గుంట ఒడ్డు ఇంకెక్కడైనా లోపలికి పొడుచుకొచ్చిందా చూడండి. ఎదురెదురు ఒడ్లు రెండూ ఒకేచోట ముందుకొస్తే వంతెన దిగిన చోటు అదే కావచ్చు.

నీళ్ళు ఎటు నుంచి వచ్చేవి, ఎటు పోయేవి అన్నది కూడా చూడండి. ఏటవాలు నేలలో అయితే పల్లం వైపు కట్ట పోసి ఉంటుంది, ఒక మూల నుంచి సన్నటి పిల్లకాలువ బయటికి వెళ్తుంది, అక్కడ తూము ఉండేది. మీ ఊరి లాంటి మిట్ట మీది బంకమట్టిలో కాలువ అసలు ఉండకపోవచ్చు, వాననీళ్ళే ఆధారం. మీకు కనిపించిన నీళ్ళ మూల బహుశా నేల వాలుకి అడుగు మూల.

పైన వేసిన లెక్కలో 3,800 ఘనపు మీటర్ల మట్టి వచ్చింది కదా, అదంతా మధ్య నేల మీదే పరిస్తే నేల మీటరున్నర లేస్తుంది. నిజానికి అంత ఎత్తు అరుదు, చాలా చోట్ల చుట్టుపక్కల పొలంతో సమానంగా ఉంటుంది. మిగతా మట్టి ఏమైంది? గుంట బయట ఒడ్డున తక్కువ ఎత్తు గట్టులా ఉందేమో వెతకండి. లేకపోతే పొలాల మీద పరిచేసి ఉంటారు. మీరు ఆ గట్టు కనిపెడితే సగం సర్వే అయిపోయినట్టే.

చివరిగా చుట్టుపక్కల పొలం. పాత ఎద్దుల నాగలితో దున్నిన మిట్టలు, పల్లాలు కొన్ని బీళ్ళలో ఇంకా అలల్లా కనిపిస్తాయి, వాటిని ఇక్కడ రిడ్జ్ అండ్ ఫర్రో అంటారు. సఫోక్‌లో తక్కువ, మధ్య ఇంగ్లండ్‌లో బాగా మిగిలాయి. ఆ చాళ్ళు కందకం దగ్గర మలుపు తిరిగి ఆగితే కందకం ముందు, సాగు తర్వాత. చాలు సగంలో తెగి గుంటకి అవతల మళ్ళీ అదే వరసలో మొదలైతే పొలం ముందు, కందకం తర్వాత. ఒక్క పార వేయకుండా కాలక్రమం తేలిపోతుంది.

మేము ఇవన్నీ కాగితం మీద గీసేటప్పుడు ఏటవాలుని తోకకప్పల్లాంటి గీతలతో చూపిస్తాం. తల ఒడ్డు పైన, తోక పల్లం వైపు. నిటారు ఒడ్డు అయితే గీతలు దగ్గరగా, వాలు తక్కువైతే దూరం దూరంగా. టేపు, రెండు కర్రలు, ఓపిక ఉంటే మీరూ గీయొచ్చు. గీయడం మొదలుపెడితేనే కన్ను నిజంగా చూస్తుంది, ఫోటోలో అది జరగదు.

మ్యాపులో ‘మోట్’ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. చేపల చెరువులు, ఇటుకమట్టి గుంటలు, బాతుల్ని పట్టడానికి తవ్విన మడుగులు, 17వ శతాబ్దపు తోటల్లో అందం కోసం తవ్విన నీటి కాలువలు కూడా ఆ పేరుతో చలామణి అవుతుంటాయి. ఒక పెద్దింటి పార్కులో చక్కటి నలుపలకల గుంటని మేము చూసినప్పుడు మధ్య నేల మరీ చదునుగా, మూలలు గీత గీసినట్టు ఉన్నాయి. ఇంటి మేడ మీది కిటికీకి అది సరిగ్గా ఎదురుగా ఉంది. చూసే మనిషి అక్కడ నిలబడతాడని లెక్కవేసి తవ్విన తోట కాలువ అది. మధ్యయుగపు కందకానికి మూలలు అంత నిక్కచ్చిగా ఉండవు.

ఇంట్లో కూర్చుని చేసే పని కూడా ఉంది. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్ళ లైడార్ (విమానం నుంచి లేజరుతో కొలిచిన) ఎత్తుల డేటా ఉచితం, మీటరుకి ఒక ఎత్తు కొలత ఉంటుంది, చెట్లని తీసేసి నేలని మాత్రమే చూపిస్తుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో 19వ శతాబ్దం చివరి ఆరంగుళాల (మైలుకి ఆరంగుళాల కొలత) మ్యాపులు ఇంగ్లండ్‌వి కూడా ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పూడ్చిన నాలుగో వైపు మీ కళ్ళ ముందే తేలుతుంది. తర్వాత సఫోక్ జిల్లా హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డులో, అంటే జిల్లాలో తెలిసిన పురావస్తు స్థలాల జాబితాలో, ఆ చోటు కోసం వెతకండి. ఎవరో ఒకరు ముందే చూసి ఉంటారు.

ఇప్పుడు మెటల్ డిటెక్టర్, తవ్వకం. ముందుగా నేషనల్ హెరిటేజ్ లిస్టులో ఆ చోటు షెడ్యూల్డ్ మాన్యుమెంట్ (చట్టం కాపాడే పురావస్తు స్థలం) అవునో కాదో చూడండి. అయితే గనక 1979 చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటమే నేరం, ఏమీ దొరక్కపోయినా సరే. కాకపోయినా పొలం యజమాని అనుమతి తప్పనిసరి. నడకదారి మీకు నడిచే హక్కు ఇస్తుంది, గొయ్యి తీసే హక్కు కాదు. అన్ని కందకాలూ ఆ జాబితాలో ఉండవు, కాబట్టి ‘లిస్టులో లేదు, పర్లేదు’ అనుకునేవాళ్ళే ఎక్కువ నష్టం చేస్తారు.

నష్టం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. జాబితాలో లేని కందకం ఉన్న ఇల్లు కొన్న ఒకాయన, నీళ్ళు మళ్ళీ మిలమిలలాడాలని యంత్రం పెట్టించి బురదంతా తోడించి పక్క పొలంలో పరిపించాడు. మమ్మల్ని పిలిచేసరికి పని అయిపోయింది. ఆ బురద కుప్పలో సుమారు మీటరు పొడవు ఓకు దూలం ముక్క, దానికి చదరపు గాడి, పక్కన తోలు చెప్పు అడుగుభాగం. గాలి తగలని బురదలో ఏడు వందల ఏళ్ళు కర్ర, తోలు, గింజలు, పుప్పొడి చెక్కుచెదరవు. ఎండలో పడితే వారంలో పగిలిపోతాయి. ఆ దూలం వార్షిక వలయాల్ని బట్టి చెట్టు కొట్టిన ఏడు కనిపెట్టొచ్చు గానీ, వంతెనదా, ఇంటిదా, ఏ పొరలో ఏ వైపు పడుకుని ఉంది అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. కందకంలో అసలు సరుకు ఆ నల్ల బురదే. దాన్ని ‘శుభ్రం’ చేయాలనే ఆలోచన మీ రైతుకి ఉంటే, ముందు కౌంటీ పురావస్తు అధికారిని అడగమని చెప్పండి. నీళ్ళలో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే బల్లిలాంటి ఉభయచర జీవి ఉంటే దానికి వేరే చట్టం, వేరే లైసెన్సు.

పిల్లలతో వెళ్తే ఒక జాగ్రత్త. ఆకులు పరుచుకున్న గుంట అడుగు గట్టి నేలలా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలి లోతు దిగుతుంది, కొన్ని చోట్ల ఇంకా లోతు. ఒడ్డు మీదే నడవనివ్వండి.

ఇల్లు కూడా నిలిచి ఉన్నది చూడాలనుకుంటే మీకు దగ్గరది హెల్మింగ్‌హామ్ హాల్. 1510 నుంచి రోజూ రాత్రి వంతెన పైకి ఎత్తుతున్నామని ఆ కుటుంబం చెప్తుంది. ఇంట్లోకి పోనివ్వరు గానీ తోటలు వేసవిలో తెరుస్తారు, కందకం చుట్టూ తిరగొచ్చు. అది పెద్దింటి వ్యవహారం. మీ గొర్రెల బీడులోని ఇంటి స్థాయికి దగ్గరగా ఉండేది కావాలంటే హెరిఫర్డ్‌షైర్‌లో లోయర్ బ్రాక్‌హాంప్టన్ చూడండి. చిన్న కర్ర ఇల్లు, కందకం, ఆ కందకం మీదే కాస్త వంకర తిరిగిన బుల్లి గేట్‌హౌస్. దూరమే, కానీ ఒక రోజు పెట్టుకోవచ్చు. కెంట్‌లోని ఐటమ్ మోట్ (Ightham Mote) అందంగా ఉంటుంది, జనం కూడా బాగా ఎక్కువ ఉంటారు.

మీ చోటు గ్రిడ్ రెఫరెన్సు (మ్యాపులో చోటు చెప్పే అంకెలు), నీళ్ళున్న మూల ఫోటో, మట్టికట్ట పక్కవాటు ఫోటో ఇక్కడ పెట్టండి. ఫోటోలో ఎవరైనా మనిషి నిలబడి ఉంటే కొలత తెలుస్తుంది. కట్ట పాతదా కొత్తదా, నాలుగో వైపు పూడ్చిందా కాదా అన్నంతవరకు వాటిని బట్టి చెప్పగలను.